గదంతా విన్న జవాబు

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా పక్క వాటాలో ఉండే పూలక్క. కాలేజీ ప్రిన్సిపాలుగారి ఇంటికి రోజూ పూలు ఇచ్చి వచ్చేది. ఒకరోజు ఖాళీ బుట్ట నడుముకు ఆనించుకుని గుమ్మంలోనే నిలబడి, "యమ్మో, నీ కోసమే పుట్టిన ఉద్యోగం ఒకటి ఉండాది. బాగా సదవను రాయను రావల్లంట, కానీ ఏ పరీచ్చా పాసై ఉండగూడదంట" అంది.

"నన్ను ఆట పట్టిస్తాండావా అక్కా?"

"నీ తోడు. అయ్యగారు అమ్మగారితో చెప్తా ఉంటే విన్యా. సదువుకున్నోళ్ళు వచ్చి అడిగితే వద్దని పంపించేస్తాండారంట. అట్లాంటి మనిషి యాడ దొరకతాదో అని తల పట్టుకోనుండారు. మా ఇంటి పక్కనే ఉండాది సామీ అని చెప్పేసొచ్చినా. రేపు తెల్లారంగానే బిన్నా పో."

ఇప్పటి పిల్లలకు ఇది వింతగా ఉంటుంది కాబట్టి కాస్త చెప్పాలి. కళ్ళు లేని విద్యార్థికి ఏడాది పొడవునా పాఠాలు చదివి వినిపించాలి, పరీక్షలో అతను చెప్పింది చెప్పినట్టు రాయాలి. ఇప్పుడైతే ఫోనే చదివి పెడుతుంది. అప్పుడు మనిషి కావాలి. ఆ రాసే మనిషి అతని కన్నా ఎక్కువ చదివి ఉండకూడదని నిబంధన, ఆ కాలేజీవాళ్ళు ఇంకా గట్టిగా ఏ పరీక్షా పాసై ఉండకూడదన్నారు. చదివి ఉంటే తన తెలివే రాసేస్తుందని అనుమానం. పరీక్షలు పాసవని వాళ్ళలో వేగంగా తప్పుల్లేకుండా రాసేవాళ్ళు దొరకడం కష్టం. నా దగ్గర ఒక్క సర్టిఫికెట్ కూడా లేదు. అదే నా అర్హత అయింది.

మాది ఐరాల దగ్గర పల్లె. ఆడపిల్లను పొరుగూరి బడికి పంపే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేకపోయింది. పొద్దున పొలంలో మడక పట్టి దున్నిన చేత్తోనే మా నాయన సాయంత్రం పలక పట్టించి నాకు అక్షరాలు దిద్దించాడు. పద్యం చదవడం, దానికి తాత్పర్యం చెప్పడం ఆయన పెట్టిన భిక్షే. మధ్యాహ్నం పూట అవ్వలంతా మా పంచలో చేరితే నేను పురాణం చదివి వినిపించేదాన్ని. పెళ్ళయి తిరుపతికి వచ్చాక అదీ లేదు. రేణిగుంట గూడ్సు షెడ్డులో పనిచేసే మా ఇంటాయన ఈ సంగతి విని, "పో. మీ ఊర్లో అవ్వలకు వినిపించినావు, ఇంక పడుచోళ్ళకు వినిపించు" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆయనకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

విద్యార్థిది చిత్తూరు. దర్జీల కుటుంబం. చిన్నప్పుడు అమ్మవారు పోసి చూపు పోయింది. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. తండ్రిని ఇంట్లో అబ్బా అనేవాడు, నాతో చెప్పేటప్పుడు మా నాయన అనేవాడు. బి.ఏ. చివరి సంవత్సరం, రాజనీతిశాస్త్రం. అతనికి ఒకటే పట్టుదల: ఫస్టు క్లాసు రావాలి, ఎమ్మే సీటు రావాలి, పంతులు కావాలి. "కండ్లుండేవాళ్ళకు సెకండు క్లాసయినా సరిపోతాదక్కా. నాకు ఫస్టు క్లాసు వస్తేనే గదా లోపలికి రమ్మనేది" అన్నాడు మొదటిరోజే.

నేను మనసులో స్వామికి దండం పెట్టుకుని పుస్తకం తెరిచి మొదలుపెట్టాను. రెండు పుటలయ్యేసరికి అతను బల్ల మీద తల వాల్చి నవ్వడం మొదలుపెట్టాడు.

"ఏంది నాయనా, ఎందుకు నగతావు?"

"రాజ్యాంగం మీద పాఠం గదక్కా ఇది? నువ్వు చదవతాంటే ఇప్పుడు హారతి ఇస్తారేమో అనిపిస్తాంది."

నిజమే, రాగం వచ్చేసింది. పురాణం చదివిన గొంతు ఒకపట్టాన మారదు. రాగం కొన్నాళ్ళకు తగ్గింది కానీ ఇంకొక అలవాటు పోలేదు. చెడ్డ మాట దగ్గర పుస్తకం మూయకూడదని మా నాయన నేర్పాడు. రాముడు అడవికి పోయే చోటో, ఎవరైనా పడిపోయే చోటో ఆపకూడదు. మంచి మాట వచ్చే దాకా చదివి అక్కడ మూయాలి. ఒకరోజు గంట కొట్టినా నేను ఆపకుండా చదువుతున్నాను.

"పాఠం అయిపోయినట్టుండాదే అక్కా?"

"అయిపోయింది. 'బానిసత్వం' అన్న మాట మీద అయిపోయింది. స్వాతంత్ర్యం అనే మాట వచ్చేదాకా ఉండు నాయనా, వచ్చినంక మూసేస్తా."

"ఈ పుస్తకంలో దానికి చానా పుటలు తిప్పల్ల" అన్నాడు. అయినా కూర్చున్నాడు. ఆరోజు మాకు భోజనాల వేళ దాటిపోయింది.

ఎమర్జెన్సీ నడుస్తున్న రోజులవి. మాలాంటి ఇళ్ళలో దాని గురించి పెద్దగా మాట్లాడేవాళ్ళు కాదు. మాట్లాడేవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు. కాలేజీలో రాజనీతి చెప్పే మాస్టారు స్వాతంత్ర్యం, అధికారం అన్న అధ్యాయం వచ్చేసరికి, "ఇది మీరే ఇంట్లో చదువుకోండి, ఈ ఏడాది అడగరులే" అని దాటేశారు. మా వాడు దాటలేదు. ఆ అధ్యాయం నాతో మళ్ళీ మళ్ళీ చదివించుకున్నాడు. అడ్డం లేకపోవడమే స్వాతంత్ర్యమని పుస్తకంలో రాసి ఉండేది. అది అతనికి చాల్లేదు.

"మా నాయన అంగడి ఉండాది గదా, ఆ మిద్ది వేరే ఆయనది. చానా మంచాయన. ఏ రోజూ ఒక మాట అనలేదు. కానీ ఆయన ఆ వీధిలో పోతాంటే మా నాయన మిషను ఆపి లేచి నిలబడతాడు. ఎందుకు నాయనా అంటే, 'లెయ్యకపోతే ఏమవుతాదో తెలీదు గదరా' అంటాడు. అడ్డం యాడుండాదక్కా ఆడ? ఏమీ లేదు. అయినా మా నాయన లేస్తానే ఉండాడు."

నాకు ఆ పుస్తకంలో అంతవరకు అర్థం కానిదంతా అప్పుడు అర్థమైంది. కోడళ్ళం మేము ఎన్నిసార్లు అట్లా లేచి నిలబడలేదు! మా అత్తగారు బంగారం లాంటి మనిషి. అయినా ఆమె చెప్పుల చప్పుడు వింటే కూర్చున్నదాన్ని కూర్చున్నట్టు ఉండలేకపోయేదాన్ని.

ఆ తర్వాత జవాబులు చెప్పి రాయించడం మొదలైంది. మొదటిసారి నాలుగు పుటలు రాశాక, "మూడో పుటలో మధ్యనుంచి చదువక్కా" అన్నాడు. చదివాను. అంతటితో ఊరుకోక, వరండాలో చెప్పుల శబ్దం వినబడితే, "అన్నా, ఎవరో తెలీదు గానీ ఒక్క నిమిషం వచ్చి ఈ కాగితం చదివిపెట్టు" అని పిలిచాడు. వచ్చినవాడు ప్యూను. నేను రాసినదే చదివి పోయాడు.

నా ముఖం చిన్నబోయింది. "నా మీద నమ్మకం లేకపోతే చెప్పు నాయనా, రేపటి నుంచి రాను" అన్నాను.

"నువ్వు మంచిదానివక్కా. నాకు భయం అందుకే."

"ఇదేం మాట?"

"నువ్వు మంచిదానివి గాబట్టి నా మాట కాగితం మీద నిలిచింది. రేపు నీ మనసు మారితే? మారదు, నాకు తెలుసు. అయినా మార్చేదానికి నీకు వీలుండాది, తెలుసుకునేదానికి నాకు వీల్లేదు. ఆ వీలు రోంత తగ్గించుకుంటాండా. నిన్ను నమ్మేది వేరే, నమ్మక తప్పనట్టుండేది వేరే."

ఆ సాయంత్రం దీపం పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. కోపం పోయింది. ఆ తర్వాత రోజూ ఒక పుట దారిన పోయే ఎవరో ఒకరితో చదివించాం, నేనే పిలుచుకొచ్చేదాన్ని. పూలక్కకు చెబితే, "మొగుడు మనల్ని ఏమేం అన్న్యాడో కూడా అట్లా రోజూ ఎవరితోనన్నా సరిచూపించుకోవల్ల" అని పకపకా నవ్వింది.

పరీక్షలు ఎండల్లో వచ్చాయి. మాకు వరండా చివర ఒక చిన్న గది ఇచ్చారు. మిగతా పిల్లల జవాబు కాగితానికి మాత్రమే తెలుస్తుంది. మా వాడిది పైకి చెప్పాలి, గదంతా వింటుంది. ఆ సంగతి అప్పటిదాకా మాలో ఎవరికీ తట్టలేదు.

గదిలో కాపలాకు వచ్చింది రసాయనశాస్త్రం చెప్పే సారు. నెమ్మదైన మనిషి. ప్రశ్నపత్రం రావడానికి ఇంకా వ్యవధి ఉండటంతో మాటలు కలిపాడు.

"ఏ ఊరయ్యా మీది?"

"చిత్తూరు సార్."

"అది సరే, అంతకు ముందు?"

"అంతకు ముందూ చిత్తూరే సార్. మీది?"

"మాది పూతలపట్టు."

"అంతకు ముందు సార్?"

సారు నవ్వేశాడు. "మా తాత అరవ దేశంలో ఆరణి నుంచి వచ్చినాడప్పా."

"అయితే ఈ జిల్లాకు నేనే పాతోణ్ణి సార్."

ముగ్గురం నవ్వుకున్నాం. ప్రశ్నపత్రం వచ్చింది. చదివాను. రాదన్న ప్రశ్న వచ్చింది: స్వాతంత్ర్యానికీ అధికారానికీ గల సంబంధాన్ని చర్చించండి. దాని కిందే ఇంకొకటి: జాతి అనగానేమి?

మొదట రెండు జవాబులు గబగబా అయిపోయాయి. తర్వాత స్వాతంత్ర్యం ప్రశ్నకు వచ్చాడు. నెమ్మదిగా, ఎక్కడ చుక్క పెట్టాలో కూడా చెబుతూ చెప్పాడు. "ఒకరి ఇష్టం మీద నిలిచిన స్వాతంత్ర్యం స్వాతంత్ర్యం కాదు. చుక్క. పాలకుడు మంచివాడే కావచ్చు, రైళ్ళు వేళకు నడిపించవచ్చు. చుక్క. ఎందుకని అడిగే వీలు లేనంతకాలం పౌరుడు ఆయన దయలో బతుకుతున్నవాడే. చుక్క. నేడు మన దేశంలో పత్రికలు కత్తెర కింద..."

అక్కడ సారు కుర్చీలోంచి లేవడం చూశాను. చెప్పులు కుర్చీ కిందే విడిచి, చప్పుడు కాకుండా ఒట్టి కాళ్ళతో మా వాడి వెనక్కి వచ్చి నిలబడ్డాడు. నా వైపు చూసి తల అడ్డంగా ఆడించాడు. చేయి చాపి నేను రాస్తున్న వరుస మీద అరచెయ్యి పెట్టాడు. రాయొద్దు అని పెదవులు కదిలించాడు. ఆ ముఖంలో బెదిరింపు లేదు. ఇంట్లో పిల్లాడు బావి గట్టు ఎక్కితే మనం ఎట్లా చూస్తామో అట్లా చూస్తున్నాడు.

మా వాడు చెబుతూనే ఉన్నాడు.

పిల్లలూ, ఆ క్షణం నా ఉద్యోగమంతటికీ పరీక్ష. కలం నా చేతిలో ఉంది. రెండు మాటలు మెత్తబరిచి రాస్తే చాలు. మార్కులు పోవు, ఎవరికీ ఏమీ కాదు, అతనికి ఎప్పటికీ తెలియదు. ఆ వేళలో వరండాలో పిలవడానికి ఎవరూ లేరు. చూపున్నవాళ్ళం ఇద్దరం ఒక మాట అనుకుంటే సరిపోతుందని సారు నన్ను తనవైపు కలిపేసుకున్నాడు. నాకు భయం వేయలేదని చెప్పను. స్వామిని తలుచుకున్నాను. కలం కింద పెట్టి పైకి అన్నాను:

"నాయనా, రోంత ఆపు. సారు నీ ఎనకాల నిలబడుకోని, రాయొద్దని నాకు సైగ చేస్తాండారు. చెయ్యి కాగితం మీద పెట్టుకోనుండారు."

సారు చెయ్యి చటుక్కున వెనక్కి పోయింది. ఆయన ముఖం ఎర్రబడింది. "ఏమ్మా! నేను ఆయన మంచికే గదా చెప్పింది!"

మా వాడు తల తిప్పకుండా అన్నాడు. "మంచికే అయ్యుంటాది సార్. అయితే నాకు చెప్పండి. అక్కకు సైగ చేస్తే నేనెట్లా వినేది?"

"గట్టిగా చెప్పే మాటలా అవి? గమ్మునుండప్పా, స్క్వాడు తిరగతాంది."

"అయితే మెల్లిగా చెప్పండి. నాకు చెవులు బాగానే ఉండాయి."

సారు కిటికీ దాకా పోయి బయటికి చూసి వచ్చాడు. బల్ల అంచు మీద కూర్చుని నుదురు తుడుచుకున్నాడు. "చూడు నాయనా. ఈ కాగితం యాడికి పోతాదో, ఎవురు దిద్దతారో నీకూ నాకూ తెలీదు. పత్రికలో ఏదో రాసినారని జైల్లో పడినోళ్ళుండారు. ఫస్టు క్లాసు వచ్చే పిల్లోడివి. ఇంకోటి... ఎట్లా చెప్పేది... ఇదే మాట మా కొడుకు రాస్తే దుడుకు పిల్లోడు అంటారు. నువ్వు రాస్తే, నీ పేరు చూసి, వేరే మాట అంటారు."

ఆ మాట ఆయనకే చేదుగా ఉన్నట్టుంది, చెప్పి తల దించుకున్నాడు.

మా వాడు ఆ గొంతు వచ్చిన వైపుకు తిరిగాడు. తర్వాత, "ఇప్పుడు చెప్పినారు సార్. ఇది నాకు పనికొచ్చే మాట" అన్నాడు. "అక్కా, కత్తెర అని రాసిన వాక్యం కొట్టెయ్."

"భయపడి కొట్టేస్తాండావా నాయనా?"

"లేదక్కా. అది వార్త. వాళ్ళు అడిగింది సిద్ధాంతం. దాని ముందర మూడు వాక్యాలుండాయే, అవి కొట్టేస్తే నేనుండను. అవి అట్లే ఉంచు. ఇంక జాతి జవాబు రాసుకో." ఒక్కసారి ఊపిరి పీల్చి చెప్పాడు: "ఒకే భాష, ఒకే మతం, ఒకే వంశం ఉన్నచోటే జాతి అని కొందరు చెబుతారు. చుక్క. నా అభిప్రాయంలో, తాను ఇక్కడివాడినని ఎవరూ ఎవరికీ రుజువు చేసుకోనక్కర్లేని చోటు జాతి. చుక్క. ఒక్కరు చేసుకోవాల్సి వచ్చినా ఆ జాతి ఇంకా తయారవుతున్నదే కాని, తయారైంది కాదు. చుక్క."

రాస్తున్నప్పుడు నేను సారు వైపు చూడలేదు. ఆయన కుర్చీలో కూర్చుని చెప్పులు వెతుక్కుంటున్న శబ్దం మాత్రం వినబడింది.

ఈ మాటల్లో చాలా సమయం పోయింది. గంట కొట్టేసరికి చివరి ప్రశ్న సగంలో ఉంది. అది పూర్తి కాకపోతే ఫస్టు క్లాసు లేదు. సారు నా చేతిలోంచి కాగితం తీసుకోలేదు. "రాసుకోండప్పా. నా వల్లనే గదా ఆలస్యం. పావుగంట ఇస్తాండా, ఎవురికీ చెప్పొద్దు" అన్నాడు.

నా నెత్తిన పాలు పోసినట్టయింది. మా వాడు మాత్రం చేతులు బల్ల మీద పెట్టి కదలకుండా కూర్చున్నాడు.

"చెప్పు నాయనా, రాస్తా" అన్నాను.

"వద్దక్కా. సార్, మీరు దయతో ఇస్తే నాకు వద్దు. రేపు ఎవరన్నా అడిగితే, గంట తర్వాత దొంగతనంగా రాసినానంటారు, మొత్తం పేపరే పోతాది. ఆలస్యం మీ వల్ల అయిందని మీరే అన్నారు. అదే మాట రాసి సంతకం పెట్టండి. అప్పుడు అది నా పావుగంట."

"నన్ను ఇరికిస్తావేంది నాయనా!"

"మీకు ఇష్టం లేకపోతే కాగితం తీసుకోండి సార్. నేనేమీ అనుకోను. నిజంగా."

అంత మెత్తగా చెప్పాడు. అతని వేళ్ళు మాత్రం బల్ల అంచును గట్టిగా పట్టుకుని ఉన్నాయి. ఆ ఏడాది చదువంతా, చిత్తూరులో మిషను తొక్కుతున్న తండ్రి ఆశంతా ఆ అంచు మీదే ఉంది. రాస్తే సారు తన తప్పును తన చేత్తో ఒప్పుకున్నట్టు. ఎందుకు ఆపావని అడిగితే, దేనికి ఆపాడో కూడా చెప్పాలి. ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు. ఆయనకూ పిల్లలున్నారు.

సారు తలుపు దాకా నడిచాడు. మళ్ళీ వచ్చాడు. "ఏమ్మా, నువ్వేమంటావు?" అని నన్నడిగాడు. నేను, "నేను రాసేదాన్ని సార్, అనేదాన్ని కాదు" అన్నాను. ఆయనకు నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే కుర్చీ దగ్గరికి లాక్కుని, తన రిపోర్టు కాగితం మీద రాసి, మా ఇద్దరికీ వినబడేటట్టు చదివాడు: "విద్యార్థి జవాబు చెప్పుచుండగా నేను అడ్డుపడినందున పావుగంట నష్టమైనది. ఆ కాలము అతనికి చెందవలసినది. ఇచ్చితిని." సంతకం చేసి, "ఇంక కానీ అప్పా, నీ పావుగంట అయిపోతాంది" అన్నాడు.

అంత వేగంగా నేను ఎన్నడూ రాయలేదు.

మా వాడికి ఫస్టు క్లాసు వచ్చింది. ఆ పేపరులోనే అన్నిటికన్నా ఎక్కువ మార్కులు వచ్చాయి. దిద్దినవాళ్ళెవరో ఇప్పటికీ తెలియదు, వాళ్ళకూ నా నమస్కారం. ఎమ్మే చేశాడు. పంతులయ్యాడు. ఎమర్జెన్సీ ఎత్తేసిన తర్వాత ఆ అధ్యాయాన్ని దాటేసే మాస్టార్లు లేరు కానీ, దాన్ని అతనంత బాగా చెప్పినవాళ్ళు మా జిల్లాలో లేరని నేను పందెం కాస్తాను. చదివిపెట్టే పనిలోనే నేను ఉండిపోయాను. తర్వాత లైబ్రరీలో కళ్ళు లేని పిల్లల కోసం క్యాసెట్లలో పుస్తకాలు చదివి రికార్డు చేశాను. నా తర్వాత వచ్చిన చదువరులకు, రాసేవాళ్ళకు పని నేర్పింది నేనే. అందరికీ మొదటిరోజు ఒకటే చెప్పేదాన్ని: మీకు ఎవరైనా సైగ చేస్తే, అది పైకి చెప్పండి. ఒక్క సర్టిఫికెట్ లేనిదాన్ని, ఇంతమందికి పని నేర్పి రిటైరయ్యాను. ఇది గర్వమే. దేవుడు క్షమిస్తాడులే.

సారును యూనివర్సిటీవాళ్ళు పిలిపించి సంజాయిషీ అడిగారట. దేనికి అడ్డుపడ్డావంటే, "పిల్లవాడి జవాబు విని నాకు భయమేసింది, అందుకు" అని ఉన్నదున్నట్టు రాసి, సంతకం పెట్టి ఇచ్చాడట. మళ్ళీ ఆయనకు పరీక్షల డ్యూటీ వేయలేదు. అంతకు మించి ఏమీ చేయలేదు.

చాలా ఏళ్ళ తర్వాత పూతలపట్టులో బస్సు కోసం నిలబడి ఉంటే ఆయనే నన్ను గుర్తుపట్టి పలకరించాడు. జుట్టంతా నెరిసిపోయింది. ఆ రోజు సంగతి తనే ఎత్తాడు. "నీ మీద చానా దినాలు కోపంగా ఉన్నిందమ్మా" అన్నాడు. "నువ్వు పైకి చెప్పకుండా మెత్తగా రాసేసుంటే, నేనొక పిల్లోణ్ణి కాపాడినానని సంతోషంగా బతికేసుందును. ఆ పిల్లోడి నోరు మూసినానని నాకు ఎప్పటికీ తెలిసేది కాదు." బస్సు వచ్చింది. నన్ను ఎక్కించి, చోటు దొరికిందా లేదా అని కిటికీలోంచి చూసి వెళ్ళాడు. అదే ఆఖరు.

మా విద్యార్థిని గుర్తుపెట్టుకోమని నేను ఎవరినీ అడగక్కర్లేదు. అతని దగ్గర చదువుకున్నవాళ్ళు ఊరూరా ఉన్నారు, వాళ్ళు చూసుకుంటారు. సారును తలుచుకునేవాళ్ళు ఎక్కువమంది ఉండరు. అందుకని ఇది చదివిన మీరు నాకోసం ఒక పని చేయండి. భయపడిన మనిషి, భయపడ్డానని రాసి, కింద తన సంతకం పెట్టిన మనిషి ఒకాయన మా ఊళ్ళో ఉండేవాడని గుర్తుపెట్టుకోండి.